భైరనాయకుడి వేషం వేసిన శ్రీకంఠయ్య

శ్రీకంఠయ్యకు కుక్కలంటే భయం, ఉరుమంటే భయం, తాలూకా ఆఫీసు మెట్లెక్కాలన్నా భయం. బూదికోట పక్కన కరిగుండు అనే ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఏ పిల్లవాడి మీదా బెత్తం ఎత్తింది లేదు. అంతటి మెత్తని మనిషి ఏడాదికొక్క సాయంత్రం మాత్రం మీసం అంటించుకుని భైరనాయకుడై గర్జించేవాడు.

ఐదువందల ఏళ్ళ కిందట ఆ ఊరి కోటను ఏలిన పాళెగాడు భైరనాయకుడు. కరువు కాలంలో కోటలోని గింజలు పెట్టమని అడగబోయిన ఏడుగురిని ఎత్తైన రాతిగుండు మీద నుంచి తోయించాడని ఊళ్ళో తరతరాలుగా చెప్పుకునే కథ. ఆ ఏడుగురిలో ఒకామె నిండు చూలాలు. జాతరనాడు ఆ కథనే వీధినాటకంగా ఆడతారు. ఆ ఘట్టం రాగానే ఆడవాళ్ళు మెటికలు విరిచేవారు. ముందు వరసలో కూర్చునే మునిలక్ష్మమ్మ లేచి, "నీ వంశం మన్నయిపోనురా!" అంటూ దోసెడు దుమ్మెత్తి పోసేది.

ఆ తిట్లు నాటకంతో పోయేవి కావు. మర్నాడు వీధిలో పసిపిల్లలు ఆయన్ని చూసి తల్లుల కొంగు చాటుకు పోయేవారు. అది ఓర్చుకోలేక, పాతికేళ్ళ కిందట ఆయనే ఒక చిన్న పని చేశాడు. నాయకుడు పశ్చాత్తాపపడి ఊరికి చెరువు తవ్వించినట్టు నాటకం చివర నాలుగు పద్యాలు కలిపాడు. అలా జరిగిందని ఆయనకెవరూ చెప్పలేదు. అయినా జనం విన్నారు, నమ్మారు. కొన్నాళ్ళకు చెరువు గట్టు మీద నాయకుడి పేరుతో బోర్డు కూడా లేచింది. దాన్ని చూసి శ్రీకంఠయ్య లోలోపల మురిసిపోయాడు.

ఈ ఏడు జాతరకు వారం ముందు నందీశ్ వచ్చాడు. ఆయన దగ్గర చదువుకున్నవాడే. ఇప్పుడు నాయకుడి పేరు మీద యువకసంఘం నడుపుతున్నాడు. వెంట పదిమంది ఉన్నారు. చెప్పులు విడిచి, ఆయన కాళ్ళకు మొక్కి, చాప మీద కూర్చున్నాడు.

"సార్, ఈసారి నాటకం స్వల్ప మార్చల్ల. ఆ ఏడుగురూ గింజలకి వచ్చినోళ్ళు కాదంట. కోట తలుపు తీసి శత్రువుల్ని పిలిచేకి పోయిన ద్రోహులంట."

"ఎవరు చెప్పినారప్పా? యాడ రాసుండాది?"

"ఆయప్ప మంచోడని మొదట చెప్పింది మీరే గదా సార్. చెరువు తవ్వించినోడు ఊరికే మనుషుల్ని చంపుతాడా?"

"మరి ఆ చూలాలు?" అన్నాడు శ్రీకంఠయ్య ఎలాగో.

"ఆయమ్మ కడుపున కట్టుకున్నింది బిడ్డను కాదు సార్, కోట తలుపు తీసే బీగంచేతుల మూట."

వెనక కూర్చున్నవాళ్ళలో ఎవరో నవ్వారు.

వాళ్ళు వెళ్ళాక భార్య అలివేలమ్మ, "ఒంట్లో బాగలేదని చెప్పి ఊరుకోండి. ఈసారి వెయ్యొద్దు" అంది.

"వెయ్యనంటే ఎందుకని అడుగుతారు గదా" అన్నాడాయన.

జాతరనాడు పొద్దు వాలుతుండగా నాటకం మొదలైంది. రామకృష్ణప్ప దగ్గర్లోని నరసాపురం ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని, కంపెనీ బస్సు దిగి నేరుగా వచ్చి చూలాలి వేషం కట్టాడు. గుండుకు బదులు ఎత్తైన బల్ల, కింద వరిగడ్డి. రామకృష్ణప్ప బల్లెక్కి పొట్ట పట్టుకుని ఏడుపు రాగం అందుకోగానే, వెనక నుంచి ఒక కేక వినబడింది.

"తొయ్!"

మరో రెండు గొంతులు. ఆ తర్వాత మైదానమంతా ఒకే గొంతయింది. "తొయ్! తొయ్!" ఈలలు. చప్పట్లు. ఫోన్లు పైకెత్తిన చేతులు. ఆ ముఖాల్లో సగానికి పైగా శ్రీకంఠయ్య ఎక్కాలు నేర్పినవే. ఎంత వెతికినా ఒక్క ముఖంలోనూ నాయకుడి మీద ఆ పాత కోపం కనబడలేదు.

రామకృష్ణప్ప పాట ఆపి, పెదవులు కదపకుండా అన్నాడు: "సార్, వీళ్ళు ఆటకి అరుస్తా ఉండారా, నిజంగానా?"

బల్ల మీద పక్కనే నిలబడ్డ శ్రీకంఠయ్య కింద గడ్డి వైపు చూశాడు. చెప్పవలసిన మాట ఒక్కటే: "తోయండి". నలభై ఏళ్ళుగా నోట నానిన మాట. ఇప్పుడది నాలుక దాటి రాలేదు. తోయమని చాచిన చేత్తోనే రామకృష్ణప్ప మణికట్టు పట్టుకున్నాడు. ధైర్యంతో కాదు, పడిపోతానేమోనన్న భయంతో. పట్టుకుని వదల్లేదు.

ఈలలు ఆగాయి. అంతలో నందీశ్ మైకు లాక్కుని తనే ఆ మాట అన్నాడు. రామకృష్ణప్ప చెయ్యి విడిపించుకుని గడ్డి మీదికి దూకేశాడు. జనం లేచి నిలబడి జేకొట్టారు.

తెల్లారి నందీశ్ పళ్ళు పట్టుకుని ఇంటికొచ్చాడు. "నిన్న మీకు ఆరోగ్యం సరిగా లేదని అందరికీ చెప్పినాను సార్. వచ్చే ఏడు మీరు రెస్టు తీసుకోండి" అన్నాడు, మర్యాదగానే. శ్రీకంఠయ్య తలూపాడు. తలూపినందుకు ఆ పూటంతా అన్నం సహించలేదు.

సాయంత్రం పాల డెయిరీ దగ్గర మునిలక్ష్మమ్మ కలిసింది. చుట్టూ చూసి దగ్గరికొచ్చింది.

"నిన్న నిన్ను తిట్టలేదప్పా నేను. మన్ను చేతిలోకి తీసుకున్నాను. పక్కనున్నోళ్ళను చూసి మళ్ళీ కింద పోసేసినాను."

"నాకూ నోరు రాలేదమ్మా."

"చూసినాను. వచ్చే ఏడు వేసేది ఎవరంట?"

"తెలీదు."

"ఎవడైనా కానీ. వాడు నీ మాదిరి చెయ్యి పట్టుకోడు" అంది ముసలామె, క్యాన్ ఎత్తుకుంటూ.

ఆయన పాలు పోయించుకుని, నందీశ్ వాళ్ళ ఇల్లున్న పెద్ద వీధి వదిలి, చుట్టుదారిన ఇంటికి నడిచాడు.