మూడో టౌనులో ఎర్ర చుక్క

“ఒసే, ఆ ప్లగ్గు పీకకు. మూడో టౌనులో ఉన్నా, డ్యూటీ నుంచొచ్చి ఆడతా.”

“నువ్వూ, నీ చీమలూనూ! ముందు బస్సెక్కు, వెళ్లిపోద్ది.”

మా ఆయనా నేనూ అనుకున్న ఆఖరి మాటలివే. కంపెనీ బస్సు సోహార్ సైటుకు చేరకముందే ఆయన గుండె ఆగిపోయింది. పద్దెనిమిది రోజులైంది. ఇవాళ సాయంత్రానికి రూము ఖాళీ చేయమని కంపెనీవాళ్లు కాగితం పంపారు. నన్ను ఘుబ్రాలోని తన ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన మేనకోడలు అంతా సర్దేసింది, ఆయన ఆటడబ్బా, గోడకున్న దాని ప్లగ్గు తప్ప. నాకు రాత రాదు కనుక, ఇక్కడి మన తెలుగువాళ్లందరూ చదవాలని నేను చెబుతుంటే తనే రాస్తోంది.

మేం ఈ ఎడారి దేశానికొచ్చిన కొత్తల్లో, మీలో చాలామంది క్యాసెట్లలో మాటలు నింపి ఇళ్లకు పంపుకునే రోజుల్లో, తన దేశం వెళ్లిపోతున్న అమెరికా ఇంజనీరొకాయన అరచేతిలో పట్టే ఈ ఆటడబ్బాను మా ఆయనకిచ్చి, ఆడటం నేర్పి మరీ వెళ్లాడు. అది వాళ్ల ఫుట్‌బాలట, కాలితో తన్నడం తక్కువ, బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తడమే ఎక్కువ. బొమ్మల్లేవు, అన్నీ ఎర్రటి దీపపు చుక్కలే, నేను చీమలనేది వాటినే. కాస్త వెలుగెక్కువున్నది మనం, మీద పడేవి అవతలివాళ్లు. ఒక్కో పరుగునూ డౌన్ అంటారని ఆయన చెబితే నాకు టౌన్ అని వినబడింది, నాలుగు టౌన్లలో పది గజాలు దాటాలన్నమాట, ఆయన నన్ను దిద్దకపోగా తానూ టౌనే అనడం మొదలుపెట్టాడు. మొదట వచ్చిన ఈ డబ్బాలో బంతి విసరడం లేదు, చుక్క వెనక్కి రావడమూ లేదు. తరవాతివాటిలో ఆ రెండూ పెట్టారని ఆయనే చెప్పేవాడు, అయినా దీన్ని వదల్లేదు.

ఘుబ్రాలో మేనకోడలి మొగుడు, మా అల్లుడి టీవీలో ఇప్పటి వీడియో ఆట చూశాను. మొహాలు, చెమటలు, కేకలు; మనిషి మధ్యలో లేచిపోయినా ఎక్కడ ఆపాడో గుర్తుపెట్టుకుంటుందట, మర్నాడు అక్కడినుంచే ఆడొచ్చట. మా డబ్బాకు ఆ తెలివి లేదు. ప్లగ్గు తీస్తే అంతా పోతుందని, బ్యాటరీకి మార్చాలన్నా ఆ మార్చేలోపే ఆరిపోతుందని అల్లుడు ఫోనులో చెప్పాడు. కరెంటు పోకూడదని ఇన్నాళ్లూ ప్రభువును బతిమాలుకున్నాను, ఇంకో రెండ్రోజులివ్వమని కంపెనీవాళ్ల కాళ్లు పట్టుకున్నంత పని చేశాను, ఇవ్వలేదు.

ఇందాక మేనకోడలు బటన్ నొక్కితే ఎవరికెన్నో కనబడింది, నాకు అంకెలొక్కటే వచ్చు. ఆయనకు ఏడు, అవతలివాళ్లకు పద్నాలుగు. ఓడిపోతున్నాడు, అయినా రాయి.

రాశావా? మనల్ని తీసుకెళ్లే కారువాణ్ణి హారన్ కొట్టుకోనీ. మొదటినుంచీ చదివి వినిపించమ్మా. మెల్లిగా చదువు.