మదురైకి మోసుకెళ్లి అమ్మిన బండి

అక్టోబరు 9, 2024, బుధవారం. తెల్లవారి నాలుగింటికి లేచాను. శనగలు ఉడికించి సుండల్ గుగ్గిళ్లకు తాళింపు, నవరాత్రి కొలువు బొమ్మల ముందు దీపం, దారికి రెండు పొట్లాల పులిహోర, మా ఆయన కళ్లలో చుక్కలు, బండికి ఒక తడిగుడ్డ, ఒక పొడిగుడ్డ. ఆ చివరి పని ఇక ఈ ఇంట్లో ఉండదు.

నాలుగేళ్ల కిందట మా ఆయన పాతకాలపు రూపంలో వస్తున్న కొత్త బండి ఒకటి కొన్నారు. గుండ్రటి హెడ్‌లైటు, వెడల్పాటి ట్యాంకు, లోపల మాత్రం నేటి ఇంజను. రోడ్డు మీదికి వచ్చేసరికి 1,95,000 అయింది. తర్వాత మెత్తటి సీటు, వేరే సైలెన్సరు, పొగమంచు లైట్లు, క్రాష్ గార్డు అంటూ ఇంకో 38,400 పోశారు. నేను గొణుగుతూనే, తీసేసిన అసలు సామాన్లను పేపర్లో చుట్టి, తేదీ రాసి అటక మీద పెట్టాను. ఈ ఏడు షుగర్ ఆయన చూపును తినేసింది. జూన్‌లో మేట్టుపాళయం రోడ్డులో స్పీడ్‌బ్రేకరు కనబడక పడ్డారు. ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు వంగితే వంకర తీయించాము. బండి నడపొద్దని డాక్టరు తేల్చి చెప్పారు. వచ్చే వారం రెండో కంటి ఆపరేషన్. దానికి 1,60,000 కావాలి. అమ్మడానికి వేరే ఏమీ లేదు.

మా కోయంబత్తూరులో ఒక వ్యాపారి మొదట 1,35,000 అన్నాడు. పడిన సంగతి చెప్పగానే 1,15,000కి దిగాడు. మదురైలో ఇలాంటి బండ్లను బాగుచేసి అమ్మే కుమరన్ మాత్రం ఫొటోలు చూసి 1,70,000 అన్నాడు. ఆ రంగు ఇప్పుడు తయారు కావడం లేదట, దొరికే కొద్ది బండ్ల ధర పెరుగుతోందట. మేము చేయించిన మార్పులకు అతను పైసా లెక్క కట్టలేదు. అటక మీది అసలు సామాన్లకు మాత్రం కట్టాడు.

మదురై నుంచి కూరగాయలు తెచ్చి, ఇక్కడ దించి ఖాళీగా తిరిగి వెళ్లే వ్యాన్ 4,000కు కుదిరింది. మామూలుగా మాట్లాడుకుంటే దాదాపు రెట్టింపు. ఆరింటికి బయలుదేరి, పొల్లాచ్చి దాటి, ఎనిమిదింటికి ఉడుమలైపేటలో టీకి ఆగాము. డ్రైవరు మురుగేశన్ కట్టిన తాళ్లను గుంజి చూసి, "అక్కా, నా వ్యాన్‌ని అమ్మినా ఈ రేటు రాదు. మీ బండి నా నెత్తి మీద కూర్చోని దర్జాగా పోతా ఉండాది" అని తమిళంలో అన్నాడు. మా ఆయన నవ్వలేదు. పళని, దిండుక్కల్ దాకా అద్దంలోంచి వెనక బండినే చూశారు. ఎల్లుండి ఆయుధ పూజ. ఏటా ఆ బండికి గంధం, కుంకుమ పెట్టేది ఆయనే.

పదకొండూ ముప్పావుకు మదురై చేరాము. మాసి వీధుల వెనక సందులో కింద షెడ్డు, పైన ఇల్లు. తలుపు మీద పేరు తమిళంలో ఉంది, ఫోన్లోనూ అన్నీ తమిళంలోనే మాట్లాడుకున్నాము. కుమరన్ ఇంజను ఆలకించి, చక్రాలు తిప్పి చూసి, "అన్నా, ఎక్కడైనా పడిందా?" అని తమిళంలోనే అడిగాడు.

మా ఆయన నోరు తెరవబోయారు. నేను కొంగు సర్దుకుంటూ తెలుగులో, "ఫోర్కు మాట ఎత్తొద్దండి. రేటు దిగితే మీ కంటికి దుడ్లు చాలవు" అన్నాను. కోయంబత్తూరు అంగళ్లలో మా అమ్మ, అత్త అందరూ బేరం ఇలాగే చేశారు. తెలుగు మాకు చాటు.

"లేదు తంబి, పడలేదు" అన్నారు మా ఆయన.

కుమరన్ ముందు చక్రాన్ని పట్టే ఆ రెండు గొట్టాలను ఒకసారి తడిమాడు. 1,70,000 నా ఖాతాలో వేశాడు. సంతకాలు అయ్యాయి.

మెట్ల మీంచి వాళ్లమ్మ పిలిచింది, తెలుగులో. "కొలువు పెట్టుండాము. తాంబూలం తీసుకోకుండా పోతావా, రామ్మా." మెట్లెక్కాను. ఆమె నా నొసట కుంకుమ పెట్టి, "భయపడొద్దు. మీ ఆయనకు కండ్లు బాగవుతాయి" అంది. కంటి సంగతి నేను తెలుగులో తప్ప ఎక్కడా అనలేదు.

కుమరన్ గుమ్మంలో తల వంచుకుని, తెలుగులోనే అన్నాడు. "వంగింది నిమిర్చినారని చేతికే తెలిసిందక్కా. కంటి కోసమని విన్నాక బేరమాడేదానికి నోరు రాలా."

"కొత్త ఫోర్కు ఎంతవుతుంది, తంబి?"

"వద్దులే అక్కా. నేను చూసుకుంటా."

"ఎంత?"

"తొమ్మిదిన్నర వేలు."

అక్కడే నిలబడి పంపాను. అతను వద్దంటుంటే వాళ్లమ్మ అంది, "తీసుకోరా. వాళ్లకు నిద్ర పట్టాల కదా."

ఆరప్పాళయం స్టాండులో మూడింటి బస్సు ఎక్కాము, ఇద్దరికీ 440. మా ఆయన ఒడిలో హెల్మెట్ ఉంది. దాన్ని ఇవ్వడం మరిచిపోయాము. పళని దాటాక ఒక్క మాట అన్నారు. "నా చేత అబద్ధం చెప్పిస్తివే." నలభై ఏళ్లుగా మా భాషను పైట చెంగులా అడ్డం పెట్టుకుని బేరాలు చేశాను. దాని అవతల మనవాళ్లు కూర్చుని ఉంటారని ఎన్నడూ అనుకోలేదు. ఇన్నాళ్లూ ఎందరు విని కూడా ఇలా ఊరుకుని ఉంటారో.

ఇలాంటి బండి అమ్మబోయేవారికి నేను చెప్పగలిగేది ఒక్కటే. ఎప్పుడు, ఎక్కడ పడిందో, ఏం బాగుచేయించారో ఒక కాగితం మీద రాసి, ధర మాట్లాడకముందే చేతికివ్వండి.

వ్యాన్, బస్సు, ఫోర్కు పోను చేతిలో 1,56,060. ఆపరేషన్‌కు ఇంకా 3,940 తక్కువ. అది ఎక్కడినుంచి వస్తుందో తెలియదు. కుమరన్‌కు ఫోర్కు బాకీ 9,500, తీరింది.