ఎరుపు లేదని రాసిన రోజు

ఈ మధ్య దోహాలో మా వారికి మోకాలి ఆపరేషన్ జరిగినప్పుడు, వార్డులోని కొత్త నర్సు తన వేళ్ళ వెనుకభాగాన్ని ఆయన మడమకు ఆనించి, క్షణమాగి, రెండో మడమతో పోల్చి చూసింది. ఎవరు నేర్పారమ్మా అని అడిగితే, "అందరం ఇలాగే చూస్తాం కదా ఆంటీ" అని నవ్వేసింది. నాతోపాటు ఆ రోజుల్లో వచ్చిన నర్సులకు తెలుసు, అందరం అలా చూసేవాళ్ళం కాదని.

ఈ సంగతి జరిగేనాటికి నేను నర్సుగా ఖతార్ వచ్చి ఏడు నెలలు. మా సీనియర్ సిస్టర్ కెన్యా నుంచి వచ్చిన నల్లజాతి ఆవిడ. వేరే నర్సును పంపమని అడిగే రోగులుండేవారు; ఆమె మాటను డాక్టరుతో రూఢి చేసుకుంటే గాని నమ్మని నాలాంటివాళ్ళమూ ఉండేవాళ్ళం.

మెసయీద్ ఫ్యాక్టరీల దగ్గర పనిచేసే జగిత్యాల తమ్ముడొకడు తొడ ఎముక విరిగి, ఆపరేషన్ తరువాత తొమ్మిది రోజులు వెల్లకిలా పడుకొని, ఆ ఉదయమే కంపెనీ బస్సులో కార్మికుల క్యాంపుకు వెళ్ళవలసి ఉంది. నడుము కింద మంట అన్నాడు. పక్కకు తిప్పి చూశాను. పడకపుండ్ల గురించి ఫారంలో ఉన్న ప్రశ్న చర్మం ఎర్రబడిందా అన్నదొక్కటే కనుక "ఎరుపు లేదు" అని రాసి సంతకం చేశాను. సెలవు పొడిగింపు కోసమేమోనని అనుమానించాను కూడా.

"ఎవ్వరు వింటలేరక్కా. ఇంటికాడ మాత్రం నేను దుబాయ్‌ల హాయిగ పండుకున్న అనుకుంటున్రు," అన్నాడతను. వాళ్ళ ఊళ్ళో గల్ఫంతా దుబాయే.

గుమ్మంలో కంపెనీ సూపర్‌వైజర్ గడియారం చూసుకుంటూ యల్లా, యల్లా అని తొందరపెడుతున్నాడు. అంతలో సిస్టర్ వచ్చి, అతణ్ణి మళ్ళీ తిప్పించి, వేళ్ళ వెనుకభాగం ఆనించి, నా చేతిని లాగి అక్కడే పెట్టింది. "మీ ఇద్దరి చర్మమూ నా చర్మానికి చెల్లెలే కదమ్మాయ్, దాని మీద ఎరుపెక్కడ వెతుకుతావు?" అంది. ఆ చోట చుట్టుపక్కల కంటే వేడి, దోరజామకాయలా గట్టి. టార్చిని ఏటవాలుగా పట్టుకుంటే, ఖర్జూరప్పండంత మేర తక్కిన చర్మం కంటే నల్లబడి కనిపించింది. బస్సులో గంట కూర్చుని, తిప్పి పడుకోబెట్టేవాళ్ళు లేని క్యాంపు మంచం మీద వారం గడిపితే, అది పుండై ఎముకదాకా తెరుచుకునేది.

డాక్టరు వచ్చి ఫారం చూసి, ఈ సంతకం ఎవరిదన్నాడు. సిస్టర్ నన్ను చూపలేదు. మా రికార్డులో చెరపడం నిషిద్ధం. కింది అక్షరాలు కనబడేలా ఒకే గీత కొట్టి, సమయం వేసి, మళ్ళీ సంతకం చేయాలి. "నిన్నటిదాకా బాగానే ఉన్నాడుగా సిస్టర్!" అని సూపర్‌వైజర్ విసుక్కుంటుండగా, ఆ గీత కొట్టాను. బస్సు అతను లేకుండానే వెళ్ళింది. రెండేసి గంటలకు తిప్పి పడుకోబెట్టాం. చర్మం పైపొర మాత్రమే ఊడింది. ఆపరేషన్ అయిన పంతొమ్మిదో రోజున చంకకర్రల మీద నడిచి వెళ్ళాడు.

ఇప్పుడు ఫారాలలో వేడికీ గట్టిదనానికీ వేరువేరు గడులున్నాయి. ఆనాటి ఫారంలో గీత పక్కన నేను "పునఃపరీక్షలో కనుగొనడమైనది" అని రాశాను. ఎవరు కనుగొన్నారో రాయడానికి అంచున కావలసినంత చోటుంది, రాయలేదు. కింద ఉన్నది నా సంతకమొక్కటే.