సంచిలో తిరిగొచ్చిన సెన్సారు

రొజైని ఎయిర్ ఫ్రైయర్‌ను తువ్వాలు మీద బోర్లించి, స్క్రూలు ఒక్కొక్కటే విప్పి అయస్కాంతం మీద పెడుతోంది. తైపింగ్ పట్టణంలో పాత మార్కెట్ వెనక ఉన్న ఆమె మరమ్మతు కొట్టులో, ఎదురు స్టూలు మీద హస్మా పిన్ని మూతి ముడుచుకుని కూర్చుంది.

"ఆ సైదిన్ దగ్గరికి పంపింది నువ్వు. అందుకే తిరిగి నీ దగ్గరికే తెచ్చాను."

"ఏం చేస్తోంది పిన్నీ?"

"కోడి రెక్కలు పైన బొగ్గు, లోపల పచ్చి. నూట ఇరవై పెట్టినా, రెండొందలు పెట్టినా దానికొకటే. నిన్న ప్లాస్టిక్ కాలిన వాసనొస్తే మా మనవరాలు ప్లగ్గు పీకేసింది. లేకపోతే ఇవాళ నీకు మా వంటింటి బూడిద చూపించేదాన్ని!"

రొజైని ఇంకో స్క్రూ విప్పింది. అక్కకు కాన్పు అని ఆమె క్వాలా కాంగ్సార్ వెళ్లినప్పుడు, వచ్చిన వాళ్లందరినీ సైదిన్ కొట్టుకు వెళ్లమని కాగితం మీద రాసి తలుపుకు అంటించింది తనే. ఏళ్లపాటు ఇదే బల్లకు అటువైపు కూర్చుని పని నేర్చుకున్నవాడు. సొంత తమ్ముడి కన్నా ఎక్కువగా చూసుకుంది.

"ఏదో ఎర్రర్ అని మెరుస్తుంటే తీసుకెళ్లాను. కొత్త సెన్సారు వేశానన్నాడు. పాతది కూడా ఇచ్చాడులే," అంటూ పిన్ని చిన్న ప్లాస్టిక్ సంచి బల్ల మీద పెట్టింది.

తీసిన భాగాన్ని సంచిలో పెట్టి తిరిగి ఇవ్వడం ఈ కొట్టు పద్ధతి. అది చూసే జనం ఇక్కడికి వస్తారు.

లోపలి కవరు తీయగానే రొజైని చేతులు ఆగిపోయాయి. వేడిని కనిపెట్టే సెన్సారు ఉండాల్సిన చోట లేదు. దాని తీగల చివరలను ఒక చిన్న రెసిస్టరుకు అతికించి, పైన తొడుగు వేసి, మైనం పూసిన దారంతో మూడు ముళ్లు వేశారు. ఎంత పొందికగా వేశారో! ఆ ముడి ఆమె నేర్పినదే.

వేడెక్కే కొద్దీ సెన్సారు విద్యుత్ నిరోధం పడిపోవాలి. అది చూసే, వేడి పుట్టించే కాయిల్‌ను మెషీన్ ఆపుతుంది. రెసిస్టరు నిరోధం ఎంత వేడెక్కినా మారదు. లోపల నిప్పు రాజుకున్నా మెషీన్ ఇంకా చల్లగానే ఉందనుకుంటుంది.

సంచిలోని సెన్సారును మల్టీమీటరుకు తగిలించి వేడినీళ్ల గ్లాసులో ముంచింది. అంకెలు వరసగా దిగాయి. చల్లటి నీళ్లలో పెడితే మళ్లీ ఎక్కాయి. సెన్సారు బాగానే ఉంది. బోర్డు దగ్గర కనెక్టరు మాత్రం నూనె పొగకు నల్లబడి, పిన్ను వదులై, కదిలినప్పుడల్లా అంటుకుంటూ విడిపోతూ ఉంది. అసలు తప్పు అక్కడుంది. సైదిన్ అటు చూడనే లేదు.

ఫోన్ చేసింది.

"హస్మా పిన్ని మెషీన్ విప్పాను, సైదిన్."

"ఎర్రర్ పోయింది కదక్కా. సెన్సారు దొరకలేదు, ఏం చెయ్యమంటావు?"

"దొరకలేదని చెప్పమంటాను."

"చెప్తే పక్క కొట్టుకి పోతారు."

"మరి పాతది సంచిలో పెట్టి ఎందుకిచ్చావురా?"

"అలా ఇస్తే అడగరు కదా. నమ్ముతారు. నీ దగ్గర చూసిందేగా!"

రొజైని ఫోను బోర్లా పెట్టేసింది. పని రానివాడు చేసిన తప్పయితే తిట్టి ఊరుకునేది. వీడికి అన్నీ వచ్చు. తను నమ్మకం కోసం పెట్టుకున్న పద్ధతిని మోసానికి ముసుగు చేసుకున్నాడు.

"ఏమంటాడు?" అంది పిన్ని.

"నేనే నేర్పానట."

రొజైని కనెక్టరు మార్చింది. పాత సెన్సారునే దాని స్థానంలో బిగించి, తీగలు కాయిల్‌కు తగలకుండా కట్టింది. మూత బిగించాక బుట్టలో థర్మామీటరు పెట్టి మెషీన్ నడిపింది. నూట ఎనభై దాటగానే టిక్కుమని కాయిల్ ఆగింది. వేడి తగ్గాక మళ్లీ వెలిగింది. పిన్ని ఇక చాలన్నా వినకుండా ఇంకోసారి చూసింది.

తలుపు మీది సైదిన్ పేరు కాగితాన్ని గోటితో గీకి తీసేసింది. మసి పట్టిన కనెక్టరును, ముడి విప్పని రెసిస్టరును ఖాళీ సంచిలో వేసి పిన్ని చేతిలో పెట్టింది.

"బియ్యపు గింజంత ఉంది, దారం కట్టిన ఇదేమిటే?"

"వాడు మీకు వేసిన కొత్త సెన్సారు, పిన్నీ."

మెషీన్‌ను తువ్వాలుతో తుడిచి, రెండు చేతులతో ఎత్తి ఆమెకు అందించింది.