తెల్ల పలకకు పెట్టిన బొట్టు

బుధవారం ఉదయం దేవుడికి దీపం పెడుతుండగా ఫోన్ వచ్చింది. మూర్ఛ వచ్చి సార్ పోయారని చెప్పారు.

హోసూరు పక్కన మూకండపల్లిలో సార్‌ది చిన్న వర్క్‌షాపు. సముద్రాన్ని వందల రంగులుగా విడదీసి చూసే ఉపగ్రహపు కెమెరా సరిగ్గా చూస్తోందా అని తేల్చడానికి, తీరంలో అదే నీటిని ఒక పరికరంతో కొలుస్తారు. ఆ పరికరానికి ముందుగా ఒక తెల్ల పలకను చూపించి, తెలుపంటే ఏమిటో నేర్పాలి. ఆ పలకను శుభ్రంగా ఉంచడం నా పని. "తెల్లది తప్పితే అన్నీ తప్పేనమ్మా" అనేవారు సార్. దాని దగ్గర ఎవరైనా తుమ్మితే చేతికి అందింది విసిరికొట్టేవారు. ఒకసారి నా టిఫిన్ డబ్బా గోడకు తగిలి సొట్టపోయింది. మరునాడు కొత్తది తెచ్చి నా ముందు పెట్టారు.

ఎనిమిదేళ్ల కిందట ఆయుధపూజ నాడు, యంత్రాలన్నిటితో పాటు ఆ పలకకూ పసుపు రాసి బొట్టు పెట్టాను. తరువాత తడిగుడ్డతో తుడిచాను. తెల్లగానే కనిపించింది. కంటికి కనిపించని పసుపు లోపలికి ఇంకిపోయింది. పసుపు నీలాన్ని మింగేస్తుందట. నీలం తగ్గిన ఆ పలకనే తెలుపని నేర్చుకున్న పరికరం, నీటిలో నీలాన్ని ఎక్కువ చేసి చూపుతుంది. అలా దానికి, ఫ్యాక్టరీ మురికి కలిసిన ఒక సముద్రపు పాయ నీలంగా, శుభ్రంగా కనిపించింది. కాగితాల్లో అలాగే రాశారు, మురికిని ఎవరూ ఆపలేదు. ఆ పాయలో చేపలు చచ్చి తేలాయి.

సార్ పలకను మళ్లీ పరీక్షించి, నన్ను అడిగారు. పూజ సంగతి చెప్పి ఏడుస్తుండగానే ఆ పాయ ఒడ్డున ఉండే జాలర్లు, తప్పు కొలత ఇక్కడిదేనని తెలిసి, లారీ దిగి లోపలికి దూసుకొచ్చారు. ఎవడు చేశాడీ పని అని తమిళంలో అరిచారు.

"నేనే" అన్నారు సార్.

ఇనుప గొట్టం ఆయన తల మీద పడింది. రెండో దెబ్బకు రక్తం నా చీర మీదికి చిమ్మింది. నేను నోరు తెరవబోతే, "నువ్వు ఊరుకోమ్మా!" అని నేల మీద నుంచే గద్దించారు.

పోలీసుల దగ్గరికి పోలేదు. "వాళ్ల చేపలు చచ్చినాయి కదమ్మా" అన్నారు. తలకట్టుతోనే తీరానికి వెళ్లి, కొత్త పలకతో కొలిచి, నీరు చెడిందని రాయించారు. మూర్ఛలు అప్పుడే మొదలయ్యాయి.

ఫోన్ రాగానే నేను వెళ్లేసరికి శవం ఇంకా ఇంట్లోనే ఉంది. ఆయన భార్య కాళ్ల దగ్గర కూర్చున్నాను. "ఆ పలకను పాడు చేసింది నేనమ్మా. నా దెబ్బలు ఆయన తిన్నారు" అన్నాను.

"ఎనిమిదేండ్లు యాడ దాచి పెట్టుకున్నావే ఈ మాట?" అంటూ చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. ఆడవాళ్లు పట్టుకోబోతే వద్దన్నాను. మూడోసారి ఎత్తిన చెయ్యి నా జుట్టు పట్టి దగ్గరికి లాక్కుంది.

"నా దగ్గర కూడా తప్పు తనదేనన్నాడే, ఆ పాపిష్టి మనిషి!"

బయట తప్పెటలు మోగుతున్నాయి. ఆమె గుండె నా గుండెకు ఆని, వాటికంటే గట్టిగా కొట్టుకుంటోంది.