అమ్మ సముద్రంలో దిగిన ఆదివారం

ఇప్పుడు నేను బెంగళూరు పక్కన బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీకి సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. నా పాత మిలిటరీ కబుర్లు చెప్పమని అడిగేవాళ్ళు తుపాకుల గురించి చెబుతానని ఆశపడతారు. నాకేమో ముందు గుర్తొచ్చేది ఆదివారం ఔట్‌పాస్. మా యూనిట్ ఒక చిన్న సముద్రపు ఊరి పక్కన ఉండేది. పొద్దున తొమ్మిదికి వదిలేవారు, సాయంత్రం ఆరుకల్లా గేటు దగ్గర ఉండాలి. ఇస్త్రీ ప్యాంటు, టక్ చేసిన చొక్కా, పాలిష్ కొట్టిన బూట్లు తప్పనిసరి. ఆ వేషంలో ఇసుకలో నడుస్తుంటే చేపలమ్మే ఆడవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. సముద్రంలో మాత్రం దిగకూడదు. దిగినట్టు తెలిస్తే సెలవు రద్దు. ఎదురుగా అన్ని నీళ్ళు పెట్టి కాలు తడపొద్దంటే ఒళ్ళు మండదా?

పదకొండు నెలల తర్వాత నాకు సెలవు దొరికింది. సోమవారం ప్రయాణం. "నీకు తోడు నేనే వస్తా" అంటూ అమ్మ బెంగళూరు కె.ఆర్.పురంలో ఒక్కతే రైలెక్కి శనివారమే వచ్చేసింది. యూనిట్ గెస్ట్ రూములో దిగింది. తోడు మాట ఉత్తిదే. యాభై రెండేళ్ళొచ్చినా ఆమె సముద్రం చూడలేదు, అదీ సంగతి.

ఆదివారం మధ్యాహ్నం తీసుకెళ్ళాను. కాసేపు నోరు తెరుచుకుని నిలబడింది. "అబ్బా, ఎంత ఉండాదిరా!" అంది. ఆపేలోపే చెప్పులు నా చేతిలో పెట్టి, కుచ్చిళ్ళు ఎగదోపుకుని దిగిపోయింది. వెనక్కి పోతున్న అల ఆమెను నీళ్ళలో కూర్చోబెట్టేసింది. నేను బూట్లతో సహా దూకాను. చెయ్యి పట్టి లేపితే ఏడవడం లేదు, నవ్వుతోంది! అమ్మ అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. ఎలాగూ తడిశాను కదా అని నేనూ ఉండిపోయాను. రూలు సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే ఆ క్షణమే బయటికి వచ్చేస్తుంది.

ఐదున్నరకు భయం పట్టుకుంది. ప్యాంటు ఆరలేదు, బూట్లు అడుగడుక్కీ కిచకిచమంటున్నాయి. సెలవు పోతే అమ్మ ఒంటరిగా తిరిగి వెళ్ళాలి.

గేటు డ్యూటీలో ఉన్న హవల్దారు కోలారు వైపు మనిషి. తెలుగు బాగా మాట్లాడతాడు, అంతకంటే బాగా తిడతాడు. నన్ను పైనుంచి కింది దాకా చూసి రిజిస్టర్ తెరిచాడు.

"ఉస్తాద్, మా అమ్మ పడిపోతే లేపడానికి దిగాను. ఒక్క నిమిషమే" అన్నాను.

అమ్మ ఊరుకుంటేనా! "ఒక్క నిమిషం ఏందిరా? రెండు గంటలు ఆడినాము కదప్పా!" అంది, మహా గర్వంగా.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. హవల్దారు పెన్ను తీసి నా పేరు రాయడం మొదలుపెట్టాడు. "నీళ్ళలో దిగితే సెలవు ఉండదమ్మా. రేపు నువ్వొక్కదానివే పోవాల" అన్నాడు.

అమ్మ ముఖం వాడిపోయింది. బతిమాలుతుందనుకున్నాను. తడి కొంగు పిండుకుంటూ, "కానీలేప్పా, రూలంటే రూలే" అంది. "నువ్వు ఈడ ఎన్నేండ్లుగా ఉండావు?"

"మూడేండ్లు."

"మీయమ్మను ఎప్పుడన్నా పిల్చుకొచ్చి చూపించినావా?"

హవల్దారు సగం రాసిన నా పేరు కొట్టేసి, "అమ్మా, బెంగళూరు నుంచి ఈడికి నేరుగా రైలు ఉండాదా?" అని అడిగాడు.