చిత్తూరు అంగడిలో బొట్టు పెట్టిన కోత చక్రాలు

రాయి కోసే చక్రాల కోసం తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారని మా తమ్ముడు ముని చెప్పాడు. వాళ్లకు పనికొస్తుందని, ఎనభైల చివర మేమిద్దరం చేసిన ప్రయాణం గురించి రాస్తున్నాను. అప్పట్లో ముని అలిపిరి దగ్గర చిన్న షెడ్డులో రాతి గడపలు కోసేవాడు. ఒకరోజు తెలియక ఇనుము కోసే చక్రాన్ని మిషనుకు బిగించి రాతికి పెట్టి అదిమాడు. అది పగిలి, ముక్క కనుబొమను చీల్చుకుపోయింది. దేవుడి దయవల్ల కన్ను దక్కింది. "ఇంకోసారి ఇట్లయితే మిషను అమ్మేస్తా" అన్నాడు నాయన. అన్నమాట తప్పే మనిషి కాదు. అందుకే కొత్త చక్రం కొనేటప్పుడు అమ్మ నన్ను తోడు పంపింది.

ఆయుధపూజ మరునాడు పొద్దున ఏడింటి బస్సు ఎక్కాం. టికెట్టు ఐదారు రూపాయలు, రెండు గంటల దారి. చంద్రగిరి కోట దాటాక మామిడి తోటలు, కిటికీలోంచి చల్లగాలి. కండక్టరు ముని కనుబొమ మీది గాయం చూసి నవ్వాడు.

"ఏమప్పా, యాడ కొట్లాడినావు?"

"రాయితో అన్నా."

"ఎవురు గెలిసినారు?"

"రాయే."

చిత్తూరు బస్టాండు నుంచి చక్రాలమ్మే అంగడికి నడిచిపోయాం. గోడకు మూడు రకాలు వేలాడుతున్నాయి. దళసరి సానచక్రాలు అంచులు నునుపు చేయడానికి, పలచని కోత చక్రాలు, ఇంకా నీళ్లు పోస్తూ గట్టి రాయి కోసే వజ్రపు పళ్ల బిళ్లలు. ఆ బిళ్లలు మా తాహతుకు మించినవి. మాకు కావలసింది కోత చక్రం. దాని నడుమ కాగితం మీద ఇంగ్లీషు అక్షరం 'ఏ' అని ఉంటే ఇనుముకు, 'సీ' అని ఉంటే రాతికి. ముని ఈ సంగతి దెబ్బ తగిలాక నేర్చుకున్నాడు. తీరా చూస్తే అంగడాయన ప్రతి చక్రానికీ సరిగ్గా ఆ అక్షరం మీదే గంధం పూసి కుంకుమ పెట్టి ఉన్నాడు.

"నల్లంగా ఉండేది రాతికే పాపా. తీసుకోండి."

"రెండూ నల్లంగానే ఉంటాయి గదన్నా. బొట్టు తుడిచి సూద్దామా?" అన్నాను.

"పూజ బొట్టు సెరిపేది వద్దు తల్లీ. నిన్ననే పెట్టినాను."

"తీసుకుందాం లేక్కా" అన్నాడు ముని. వాడికి షెడ్డు తెరవాలన్న తొందర. నేను వాడి కనుబొమ వైపు చూశాను. మనసులో స్వామిని తలుచుకుని, ఉంగరపు వేలు తడుపుకొని, చక్రం మీది కుంకుమ తీసి వాడి నుదుట పెట్టాను.

"సెరపలేదన్నా. వీనికి పెట్టినాను."

కింద 'ఏ' ఉంది. ఇనుము చక్రం.

అంగడాయన దాన్ని తీసి పక్కన పెట్టాడు. తర్వాత తనే ఇంకో చక్రం అందించాడు. అదీ 'ఏ'. దాని కుంకుమా పెట్టేసరికి ముని నుదురంతా ఎర్రబడింది. అంగడాయన మూడోది ఇస్తూ, "వానికి సోటు లేదు పాపా, నాకు పెట్టు" అని తల వంచాడు. ఆ బొట్టు కింద 'సీ' కనిపించింది.

మధ్యాహ్నం బస్సుకే తిరిగొచ్చాం. ఆ చక్రంతో కోసిన మొదటి గడప మా ఇంటిదే. రోజూ పసుపు రాసేటప్పుడు ఆ ఎర్రటి నుదురు గుర్తొస్తుంది. ఆ అంగడి ఇప్పుడు లేదు, ఆ పెద్దాయనా లేడు.

మీరు వెళితే రంగు చూసి కొనకండి. అక్షరం చదవండి, చక్రం మీద రాసిన వేగం మీ మిషను వేగం కంటే తక్కువ కాకుండా చూసుకోండి. మా ముని ఇప్పటికీ ఆయుధపూజకు ప్రతి చక్రానికీ బొట్టు పెడతాడు, అక్షరానికి పక్కగా.